పెట్టెకి ఆదివారం లేదు

(పోస్టుకార్డు)
నౌపడ

మేనల్లుడు బెన్హర్‌కి, ప్రభువు దయవల్ల మోకాళ్లు తప్ప మిగతా అంతా బాగున్న అత్త దేవమణి వందనాలు.

ఫోనులో అయితే "ఊఁ, ఊఁ" అని పెట్టేస్తావు కాబట్టి కార్డు రాస్తున్నాను. విజయనగరంలో మీ ఇంటి ఓనరు వద్దన్నాడని మా ఇంట్లో, ఇంటర్నెట్ తీగకి తగిలించి వెళ్లావే, ఆ పెట్టె క్షేమం. ఉప్పుమడుల గాలికి తుప్పు పడుతుందని ఉన్ని టోపీ తొడిగాను. పాపం, వారమంతా దీపాలు మిణుకుమంటూ పనిచేస్తోంది. అందుకే ఆదివారం చర్చికి వెళ్తూ స్విచ్ ఆపేశాను. దేవుడికే ఒక రోజు విశ్రాంతి ఉంది, దీనికి వద్దూ?

నీ అత్త,
దేవమణి

తా.క. వచ్చే ఆదివారం దాన్ని కూడా చర్చికి తీసుకెళ్లమంటావా?

విజయనగరం

అత్తకు వందనాలు.

కొంప ముంచావత్తా. అది ముక్కూ మొహం తెలియని వాళ్ల ఉత్తరాలు కంప్యూటర్ల మీదుగా చేరవేసే పెట్టె. కవరులో కవరు, దాన్లో ఇంకో కవరు పెట్టినట్టు వస్తాయి. మనది పై కవరు విప్పి, లోపలిదాని మీద ఏ ఇల్లుందో అక్కడికి తోసేస్తుంది. రాసిందెవరో, చివరికి చేరేదెవరికో, లోపల ఏముందో దానికి తెలియదు. పేరు చెబితే ప్రాణం మీదికొచ్చే వాళ్లు కూడా ఆ దారినే రాసుకుంటారు. నాలాంటి వాళ్లు ఇష్టంకొద్దీ ఊరికే నడుపుతారు. ఆగకుండా ఉంటేనే నమ్మకం. ఆదివారం ఆదివారం ఆగిపోయే పెట్టెని ఎవరు నమ్ముతారు? టోపీ కూడా తీసేయి, ఉడికిపోతుంది. ఊళ్లో మాత్రం చెప్పకు, లేనిపోని అనుమానాలొస్తాయి.

బెన్హర్

తా.క. తొందరలో నేనూ కార్డే రాశాను, ఇకనుంచి కార్డు వద్దు. కవరులో రాయి.

(పోస్టుకార్డు)
నౌపడ

బెన్హరూ, అత్త దీవెనలు.

ఇంట్లో కవర్లు లేవు, ఇదే ఆఖరి కార్డు. టోపీ తీశాను. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఉత్తరాలు మన ఇంటి మీదుగా పోతున్నాయని ఎవరికీ చెప్పలేదు. అయినా సంఘపెద్ద కృపానిధి గారికి ఎలా తెలిసిందో! "ఏటి దేవమణీ, దొంగల ఉత్తరాలు నీ ఇంట్లోంచి ఎల్తన్నాయంట" అని అడిగారు. ఆదివారం ఆరాధన అయ్యాక, పెట్టె ఉండాలో వద్దో చేతులెత్తించి తేలుస్తారట.

దేవమణి

తా.క. ఎవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి.

తా.క. కింద తా.క. బాబూ, నాను పోస్ట్‌మేన్ కొండబాబుని. నానెవులికీ సెప్పనేదు. మా యింటిది లక్ష్మణమ్మకి మాత్రమే సెప్పినాను. అది సేపలమ్ముకోడానికి ఇల్లిల్లూ తిరుగుతాది గానీ మాట బయటికి రానీదు.

విజయనగరం

అత్తా,

అనుకున్నంతా అయింది. మంచివాళ్ల ఉత్తరాలైనా, దొంగల ఉత్తరాలైనా అదే దారిన పోతాయి. మనం విప్పి చూడం, చూడలేం. అబద్ధమాడలేను కదా. ఆ మాట చెబితే కృపానిధి గారు పెట్టె వద్దని చెయ్యెత్తక ఏం చేస్తారు? నా మూలంగా నువ్వు సంఘం ముందు తలదించుకోవడం నాకిష్టం లేదు. పెట్టె ఆపేయి, వచ్చి తీసుకుపోతాను. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

బెన్హర్

తా.క. కొండబాబు గారూ, ఇది కవరు. ఈ ముక్క చదువుతున్నారంటే మీరు దొరికిపోయినట్టే.

(కవరు)
నౌపడ

బెన్హరూ, తల దించుకోని అత్త దీవెనలు.

రావద్దు. పెట్టె నడుస్తోంది. ఆదివారం కూడా ఆపలేదు.

ఆరాధన అయ్యాక కృపానిధి గారు లేచి, పేరు లేని ఉత్తరం పాపపు ఉత్తరమన్నారు. అవునన్న వాళ్లని చేతులెత్తమన్నారు. చర్చి నిండా చేతులే. నాకు ఒళ్లు మండింది. గుమ్మం దగ్గరి ప్రార్థన మనవుల డబ్బా తాళం ఎన్నో ఏళ్లుగా నా దగ్గరే ఉంది కదా. జనం పేరు లేకుండా కష్టాలు రాసి వేసే చీటీలు తీసి, "ఒక సహోదరి", "ఒక సహోదరుడు" అని చదివేది నేనే. అందరి చేతిరాతలూ తెలుసు, ఎవరిదీ బయటపెట్టలేదు. ఆ మాటకొస్తే నీ పెట్టె నాకన్నా నయం, దానికి తెలియనే తెలియదు.

లేచి నిలబడ్డాను. "అలాగైతే ఈయేల్టి నుంచి చీటీ మీద పేరు రాయండి. పాతయ్యి ఎవులివో నాను సెప్పేస్తాను" అన్నాను.

చేతులు ఒక్కొక్కటే దిగాయి. అన్నిటికన్నా ముందు దిగింది కృపానిధి గారిదే. ఎందుకో నీకు కూడా చెప్పను. చదివిన చీటీలు ఆ పూటే పొయ్యిలో వేస్తానని వాళ్లకి తెలియదు పాపం.

నీ అత్త,
దేవమణి

తా.క. నిన్న డబ్బాలో కొత్త చీటీ ఉంది. "ఒక సహోదరుడికి ఊరోళ్ల ఉత్తరాలు సదివే రోగం ఉన్నాది. పోవాలని పార్దన సెయ్యండి." మన సంఘంలో ఎవరి రాతా అలా ఉండదు. గట్టిగా ప్రార్థన చేశాం. నువ్వు మాత్రం నా పాత కార్డు తీసి పోల్చి చూడకు.