సూది నిలవని కన్నం

మలికిపురం,
12 సెప్టెంబరు

ఆప్యాయమైన చెల్లెమ్మ వీరదుర్గకి,

గంగబాబు పోయి ఏడాదైంది. వాడికి చిన్ననాటి స్నేహితుణ్ణి, అయినా ఓడలరేవు వైపు రాలేకపోయాను. ఫోనులో నీ గొంతు వింటే ఈ మాట నోట రాదని కాగితం మీద పెడుతున్నాను.

వాడి పడవలో నీళ్ళని తోసే ఫ్యాను షాఫ్టుని పట్టి ఉంచే కొత్త ఇనపదిమ్మ అమలాపురం వర్క్‌షాపులో చేసింది నేనే. పోతలో వచ్చిన కన్నాన్ని పెద్దది చేసేముందు డయల్ పెట్టి చూడలేదు. ఆ సాయంత్రం మా అమ్మాయి బ్లెస్సీ నిశ్చితార్థం. తొందరపడ్డాను. మూడోనాడు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర షాఫ్టు తిరగకుండా పట్టేసి, అలల్లో పడవ తిరగబడిందన్నారు.

నీ మొగుణ్ణి నేనే చంపానమ్మా.

ఇమ్మానుయేలు


ఓడలరేవు,
25 సెప్టెంబరు

ఇమ్మానుయేలు అన్నయ్య గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివానండి. డయల్ ఏమిటో, అది పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. విడమరిచి రాయండి. మీరు పనికి వెళ్ళడం మానేశారని దీనమ్మ వదిన గారు బెంగపడుతున్నారట. అదీ రాయండి.

మీ చెల్లెలు,
వీరదుర్గ


మలికిపురం,
3 అక్టోబరు

చెల్లెమ్మా,

మిల్లింగ్ మిషను బల్ల మీద దిమ్మని బిగించి, పైన తిరిగే స్పిండిల్‌కి డయల్ తగిలిస్తాం. చిన్న గడియారంలా ఉంటుంది. దాని కొనని కన్నం లోపలి గోడకి ఆనించి, స్పిండిల్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పుతాం. సూది ఊగిందంటే కన్నం నడిమధ్యకి రానట్టే. అలాగే కోస్తే షాఫ్టు ఒక పక్క రాసుకుని పట్టేస్తుంది. బల్లని వెంట్రుకవాసి జరుపుతూ, చుట్టూ తిప్పినా సూది కదలని చోటు పట్టుకోవాలి. ముప్ఫై ఏళ్ళు అలాగే చేశాను. ఆ ఒక్కరోజు కంటిని నమ్మాను.

వాడు పోయిన తరవాత ఏ దిమ్మ పెట్టినా సూది నిలబడలేదు. వెనక తడిబట్టలతో ఎవరో నిలుచున్నట్టుండేది. ఉప్పు వాసన. ఒకరోజు పట్టపగలు, "ఇంకా అవలేదేంట్రా?" అని గంగబాబు గొంతే వినిపించింది. తిరిగి చూస్తే మనిషి లేడు. నేల తడిసి ఉంది. మళ్ళీ మిషను ముట్టుకోలేదు.

నీ అన్న,
ఇమ్మానుయేలు


ఓడలరేవు,
19 అక్టోబరు

అన్నయ్య గారూ,

మీ దిమ్మ మా అటక మీద ఉందండి. సముద్రం మీదికి వెళ్ళింది అది కాదు.

మా ఆయన ఆ సాయంత్రమే దాన్ని బిగించి చేత్తో తిప్పి చూశారు. షాఫ్టు ఒక పక్క రాసుకుంది. విప్పేశారు. "ఇమ్మానుయేలు అన్నయ్య గారికి చెప్పండి" అన్నాను. "ఆయ్, చెబుతాలే. ఇయ్యాళ ఆడి కూతురి నిశ్చితార్థం కదే. ఇప్పుడు చెబితే అన్నం ముందునుంచి లేచొచ్చేస్తాడు. ఈ ఒక్క వేటా పాతదాంతో కానిచ్చేస్తాను" అన్నారు. అరిగిపోయిన ఆ పాతదే పట్టేసింది.

మీ తప్పు లేదని అనలేను. మీ పని సరిగ్గా ఉంటే ఆయన ఉండేవారు. మీ ఇంట శుభకార్యం జరిగిన పూటే మా ఇంటికి ఈ గతి పట్టిందని కోపంతో ఏడాది నోరు విప్పలేదు. అది నా తప్పు.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన పడవని మా అబ్బాయి వెంకటకృష్ణ బాగుచేయించాడు. వద్దన్నా వినడంలేదు. పౌర్ణమి వెళ్ళగానే వేటకి బయలుదేరతాడు. కొత్త పోతదిమ్మ తీసుకుని సోమవారం అమలాపురం వస్తున్నాను. మీరూ రండి. సూది నిలవకపోతే కాసేపు కూర్చుని మళ్ళీ చూడండి. సాయంత్రందాకా ఉంటాను. నా కొడుకు ఎక్కే పడవకి ఆ పని ఇంకొకరిచేత చేయించను.

వీరదుర్గ