గురువుగారి అడ్రసు

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకొక్కడికే కాస్త గుండెదడ.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. లిఫ్టుల రిపేరుకు వెళ్ళినప్పుడు తలకు టోపీ పెట్టుకుంటూనే ఉన్నాను. అక్కావాళ్ళింటికి రాకపోకలు మళ్ళీ మొదలైన మాట నిజమే. మూడేళ్ళుగా మొహాలు చూసుకోని బావా నేనూ మొన్న పక్కపక్కన కూర్చుని కాఫీ తాగాం.

"ఇదంతా మీ గురువుగారి చలవే" అని రాశావు. నా ఉత్తరాల్లోని ఆయన మాటలు ఆదివారం గోష్ఠిలో చదువుతున్నావనీ, పక్కింటి పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటున్నారనీ, వచ్చే వారం పదకొండుమందిని వెంటబెట్టుకుని ఆయన్ని చూడటానికి రైలెక్కుతున్నావనీ రాశావు. అడ్రసు పంపమన్నావు.

అమ్మా, కాస్త కూర్చుని చదువు. ఈ ఉత్తరం మాత్రం గోష్ఠిలో చదవకు.

గురువుగారు లేరు. పోయారని కాదు. మొదటి నుంచీ లేరు.

లిఫ్టు మోటారు చల్లబడేదాకా పైగదిలో నాకు అరగంట ఖాళీ దొరుకుతుంది. అప్పుడు నువ్వు పంపిన భక్తి పుస్తకం చదువుతున్నాననుకుంటున్నావు. నేను చదివేది డిటెక్టివ్ నవలలు. "పరాయి జేబు బరువు చూసేవాడికి తన గుండె బరువు తెలీదు" అన్నది ఒక నవలలో జైల్లో ఉన్న జేబుదొంగ. ఆ మాట మనసుకు పట్టి నీకు రాశాను. దొంగంటే తిడతావని "ఒక పెద్దాయన" అన్నాను. "ఆ గురువుగారు ఇంకేమన్నారు?" అని తిరుగుటపాలో అడిగావు. ఇక నిజం చెప్పే ధైర్యం చాల్లేదు. ఆ తరువాత ఇంకో దొంగా ఇద్దరు హంతకులూ మీ గోష్ఠికి హితబోధ చేశారు.

బావ సంగతీ అంతే. ఒక దెయ్యం సినిమాకు వెళ్ళాను. అందులో దెయ్యం నలభై ఏళ్ళుగా తమ్ముడి ఇంటి చుట్టూ తిరుగుతుంది, "తప్పు నాదే" అని చెప్పడానికి. నోరు తెరిచినప్పుడల్లా జనం కెవ్వుమని పరుగు. నేనూ అరిచాను. ఆపైన ఏడ్చాను. బతికుండగా చెబితే ఎవరూ పారిపోరు కదా అనిపించింది. హాలు నుంచి తిన్నగా వెళ్ళి బావ తలుపు కొట్టాను.

"తప్పు నాదే బావా."

"ఏ తప్పు?"

"అందరి ముందూ నీ పాట నూనె లేని లిఫ్టు తలుపులా ఉందన్నాను కదా."

"అదా! దానికెవడు అలిగాడు? రెండో చరణం వినకుండా లేచిపోయావు చూడు, దానికి! లోపలికి రా, కూర్చో."

మళ్ళీ మొదటి నుంచి పాడాడు, ఈసారి పూర్తిగా విన్నానమ్మా. నిజంగానే నూనె లేదు. అయినా కదల్లేదు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

నువ్వు అడ్రసు అడిగిన సంగతి చెబితే, "గడ్డం పెంచమంటావా?" అన్నాడు బావ. వద్దన్నాను.

మీరందరూ తప్పకుండా రండి. ఆ సినిమా ఇంకా ఆడుతోంది. అందరికీ ఒకే వరుసలో సీట్లు చెప్పి ఉంచాను. పిన్నిగారిని కాస్త ముందే సిద్ధం చెయ్యి. నన్ను తిట్టాలనుంటే బొమ్మ అయ్యాక తిట్టు. అప్పటిదాకా భయమేస్తే నా చెయ్యి పట్టుకో.

ఇట్లు,
ఏ గురువూ లేని నీ కొడుకు