అమ్మ సూదులు దాచిన తూటా

సెప్టెంబరు 12, 1987. శనివారం

అన్నయ్య తన కుక్క ముస్తిని ఇచ్చేస్తాడట. మార్క్వెట్ నుంచి ఒక డాక్టరు అక్టోబరు పదిన వచ్చి చూస్తాడు, నచ్చితే కార్లో ఎక్కించుకుపోతాడు. నచ్చకపోవడమనేది ఉండదు. రేనో అన్నయ్య తయారుచేసిన కుక్క నచ్చనివాణ్ణి ఈ చుట్టుపక్కల నేను చూడలేదు.

నలభై ఏళ్లుగా అదే పని. పిట్ట వాసన పట్టి, అదెక్కడుందో వేటగాడికి చూపిస్తూ రాయిలా నిలబడే కుక్కల్ని తయారుచేసి బయటివాళ్లకిస్తాడు. తను మాత్రం తుపాకీ ముట్టడు. ముస్తి ఆఖరిది, దీన్నివ్వను అని పోయిన నెలే అన్నాడు. మరెందుకిస్తున్నావని అడిగాను. "అడవికోడిని చూపించి నా మొహంలోకి చూస్తుందే. నేను ఖాళీ చేతులతో నిలబడతాను. దానికి కాల్చేవాడు కావాలి, నేను కాదు" అన్నాడు. కాఫీ సగంలో వదిలేసి వెళ్లాడు.

సెప్టెంబరు 13

గోడ మీద నుంచి నాన్న తుపాకీ దించాను. జంట గొట్టాలది, గొట్టం కొలత పదహారో నంబరు. మా ఇంట్లో దాని పేరు గాడిద. తంతుంది కాబట్టి.

నాన్న నడుము గనిలో విరిగాక, 1946లో, దీన్ని అన్నయ్యకిచ్చాడు. అప్పుడు వాడికి పదిహేడు. మొదటి సీజన్లోనే భుజం కమిలిపోయింది. రెండో సీజన్‌కి, మీట నొక్కే ముందే కళ్లు మూతపడిపోయేవి. ఊళ్లో కళ్లుమూత రేనో అయ్యాడు. నాన్న ఒక్క మాటే అన్నాడు: "ఇరవయ్యేళ్లు కాల్చాను, నన్నెప్పుడూ తన్నలేదే. నిన్నే ఎందుకు తంతుంది?" ఆ తర్వాత అన్నయ్య దాన్ని ముట్టుకోలేదు.

వెర్నర్ దాణా కొట్లో కొన్న తూటా ఒకటి పెట్టి ఆవరణలో కాల్చాను. కూర్చున్నాను. అంటే, కూర్చోబెట్టింది.

సెప్టెంబరు 14

భుజం వంకాయ రంగు. స్కూలు వంటగదిలో గరిటె ఎడమచేత్తో తిప్పాను.

ఒకటి అర్థం కాదు. నాన్న బక్కమనిషి. గాలివాన వస్తే ఆయన్ని దూలానికి కట్టాలని అమ్మ వేళాకోళం చేసేది. నన్ను కూలదోసింది ఆయన్ని ఎందుకు తన్నలేదు? ఆయన గొప్పలు పోయే మనిషి కాదు. అబద్ధమాడే మనిషీ కాదు.

సెప్టెంబరు 20. ఆదివారం, రాత్రి తొమ్మిది

వేటకోటు గుండీ ఊడింది. కుట్టుబుట్ట తీశాను. అమ్మ సూదులు దాచుకున్నది నాన్న కాల్చి పారేసిన తూటా డొల్లలో. అట్ట డొల్ల, అడుగున ఇత్తడి, పైన బిరడా. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. పోయిన ఆదివారం నేను కాల్చిన డొల్ల ఏప్రన్ జేబులో ఉండిపోయింది. తీసి పక్కన నిలబెట్టాను. ఊరికే.

రెండూ ఒక ఎత్తు లేవు.

కొత్తది గోధుమగింజంత ఎక్కువ పొడవు. దాని అంచు మేక నమిలినట్టు చిరిగి ఉంది. అమ్మ సూదుల డొల్ల అంచు ఇన్నేళ్లకీ నున్నగానే ఉంది.

కాల్చని తూటా ఒకటి తుపాకీ గూట్లో, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, వేసి చూశాను. చక్కగా దిగింది. దిగకేం, దాని మూతి లోపలికి మడిచి ఉంటుంది. పిండి సంచీ మూతి మడిచినట్టు. కాల్చినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది కదా. విచ్చుకుని ఎక్కడికి పోతుంది?

నిద్ర రాలేదు.

సెప్టెంబరు 21

వెర్నర్ దగ్గరకి తుపాకీ పట్టుకెళ్లాను. "ఏంటి హిల్యా, గాడిదని అమ్మకానికి తెచ్చావా? నా దగ్గర మేతే ఉంది, పాక లేదు" అన్నాడు. నీ తుపాకీలో కాల్చిన డొల్ల ఒకటియ్యి అన్నాను. వాడిదీ పదహారో నంబరే, కాకపోతే కొత్తది. ఆ డొల్లని మా గూట్లో పెట్టాను. లోపలికంటా దిగలేదు. తుపాకీ మూతపడలేదు.

వెర్నర్ మూడుసార్లు తోసి చూశాడు. డొల్ల తీసి గూట్లోకి తొంగిచూశాడు.

తర్వాత వాడే చెప్పాడు. ఆ రోజుల్లో గూళ్లు పొట్టిగా చేసేవారట. తర్వాత, అన్నయ్య చేతికి తుపాకీ వచ్చేనాటికి, తూటాలు పొడవయ్యాయి, పాత తుపాకులు అలాగే ఉండిపోయాయి. మడత విచ్చుకుని ముందున్న ఇరుకులోకి దూరుతుంది. గుండ్లన్నీ ఆ ఇరుకులోంచి తోసుకుపోవాలి. అందుకే ఆ తన్ను. "పాపం గాడిదదేం లేదే, మనమే దాని గొంతులో బట్ట కుక్కి అరవమన్నాం" అన్నాడు. ఇన్నాళ్లూ పేలిపోకుండా ఉన్నందుకు దణ్ణం పెట్టుకోమన్నాడు.

సెప్టెంబరు 22

నాన్న అబద్ధం చెప్పలేదు. అన్నయ్యా చెప్పలేదు.

సెప్టెంబరు 26

హాటన్‌లో తుపాకులు బాగుచేసే ముసలాయన గొట్టాలు కొలిచి, కొట్టి విని, లైటు పెట్టి చూశాడు. ఉక్కు బాగుందన్నాడు. చెక్కలో వెంట్రుకంత చీలిక ఉంటే జిగురు పెట్టాడు. పొట్టి తూటాలే వాడాలి, అవీ తేలికవే, మాటివ్వమన్నాడు. ఇచ్చాను.

అలాంటివి కొట్లో దొరకవు. వెర్నర్ దగ్గర నింపే మిషన్ ఉంది. పుస్తకంలో అచ్చయిన కొలత దాటకుండా తుపాకిమందు, మామూలు కంటే తక్కువ గుండ్లు. డొల్లలు పొట్టిగా కోయడం నా పని. "ఇదేం తూటానే, పథ్యం తిండా! కోడికి తగిలితే తుమ్మి ఎగిరిపోతుంది" అన్నాడు వెర్నర్. అయినా కొలత మాత్రం జాగ్రత్తగానే పోస్తున్నాడు.

అక్టోబరు 1

మాంసం చుట్టే కాగితం మీద కోడి బొమ్మలు గీసి కొట్టం వెనక కట్టాను. మూడు రకాలు నింపాం: ఒకటి బరువు, ఒకటి మధ్యస్తం, ఒకటి మరీ తేలిక. బరువు రకం వెర్నర్ తుపాకీలో, తక్కిన రెండూ మనదాంట్లో.

నేననుకున్నది తలకిందులైంది. బరువైనది కాగితమంతా చిందరవందర చేసింది, కానీ మధ్యలో ఒక కోడి రెక్కలు చాపుకుని దాటిపోయేంత ఖాళీ. మరీ తేలికది నిసు తీపిరొట్టె మీద చక్కెర చల్లినట్టు సమంగా పడింది. మళ్లీ కాల్చాను. మళ్లీ అంతే. దూరం పెంచితే పల్చబడిపోయింది, అది నిజమే. కానీ మన పొదల్లో దూరం ఎక్కడుంది? కోడి కాళ్ల కిందే లేస్తుంది.

భుజం మీద ఎవరో చెయ్యి వేసినట్టుంది. అంతే.

అక్టోబరు 3. శనివారం, సౌనాలో ఆవిరిస్నానం అయ్యాక

అన్నయ్యని కాఫీకి పిలిచాను. రెండు డొల్లలూ బల్ల మీద నిలబెట్టాను. చెప్పాల్సింది తక్కువే, చెప్పాను.

చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని కాఫీ పీలుస్తూ చాలాసేపు చూశాడు. నాన్నకి తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను. వెర్నర్‌కి? ఈ తుపాకీ సంగతి వాడికీ మొన్నటిదాకా తెలీదు. పొట్టిదాన్ని వేలితో తోశాడు, పడిపోయింది, మళ్లీ నిలబెట్టాడు. "చచ్చేదాకా నన్ను పిరికోడనుకున్నాడే" అన్నాడు. తలుపు దగ్గర ఆగి, "ఇప్పుడు తెలిసి ఏం చేస్తాం, పిల్లా" అన్నాడు.

నాకు యాభై రెండు. పిల్లా అట.

అక్టోబరు 5

తనే వచ్చాడు. తేలిక తూటా పెట్టిచ్చాను. కాగితానికి గురిపెట్టాడు. నేను కాగితం వైపు చూడలేదు, అతని మొహమే చూశాను. కళ్లు గట్టిగా మూశాడు. కాగితం కొత్తదానిలా ఉంది.

తన్నలేదన్నాడు. అయినా మూతపడ్డాయన్నాడు. తుపాకీని బల్ల మీద పెట్టేసి ముస్తిని పిలుచుకుని వెళ్లిపోయాడు.

తప్పు ఎవరిదో తేలితే చాలనుకున్నాను. కళ్లకి ఆ సంగతి ఎవరు చెప్తారు?

అక్టోబరు 6

ఆలోచన వచ్చింది. ఒక డొల్లలో మందు పొయ్యలేదు. అన్నయ్యకి వీపు తిప్పి తుపాకీ నింపాను. ఏది పేలుతుందో, ఏది పేలదో తనకి తెలీదు.

నాలుగోసారికి ఉత్తది వచ్చింది. టక్‌మంది. పేలలేదు, అయినా గొట్టం నేలకి గుద్దుకునేంత కిందికి వంగింది. భుజం దానంతటదే ముడుచుకుంది. తను చేసింది తనే చూసుకున్నాడు. ముస్తి కూడా చూసింది.

నవ్వాడు. పగలబడి, కళ్లు తుడుచుకుంటూ. "దెయ్యం తుపాకీలో లేదే, ఇక్కడుంది" అని భుజం చరుచుకున్నాడు. మళ్లీ నింపమన్నాడు. చీకటి పడేదాకా నింపాను.

అక్టోబరు 8

ఇవాళ కాగితం కోడికి తల మిగల్లేదు.

అక్టోబరు 10. శనివారం

డాక్టరు పొద్దున్నే వచ్చాడు. మంచి మనిషే. కుక్క కోసం కార్లో కంబళి పరిచి తెచ్చాడు, అది చూసి నాకు కాస్త కష్టంగా అనిపించింది. అన్నయ్య తన ఇంట్లో లేడు. కుక్కా లేదు. మా గోడ మీద తుపాకీ కూడా లేదు. కాఫీ పెట్టి కూర్చోబెట్టాను.

రెండో కప్పు పోస్తుంటే కొండ మీద చిన్న చప్పుడైంది. డాక్టరు తలెత్తి, "ఎవరండీ, పిల్లలా? తుపాకీ కాదు, ఎవరో తుమ్మినట్టుంది" అన్నాడు. ఆ మాట వెర్నర్‌కి చెప్పాలి.

అన్నయ్య దారి వెంట నెమ్మదిగా దిగివచ్చాడు. ముస్తి ముందు నడుస్తోంది. దాని నోట్లో అడవికోడి. డాక్టరు చెయ్యి చాపాడు. అది ఆయన్ని చుట్టుకుని పోయి, మెట్టు మీద కూర్చుని, అన్నయ్య వచ్చేదాకా కోడిని వదల్లేదు.

అన్నయ్య టోపీ తీశాడు. "ఏమనుకోకండి డాక్టరుగారూ. దీనికి పని దొరికింది" అన్నాడు.

అక్టోబరు 11

కోడికూర తింటుంటే అన్నయ్య పంటికింద ఒక గుండు తగిలింది. పళ్లెంలో ఉమ్మాడు, ఠంగుమంది. "తక్కువ వేశానంటివి" అన్నాడు.

కడిగి అమ్మ సూదుల డొల్లలో వేశాను. ఇప్పుడు కుట్టుబుట్ట కదిపితే చప్పుడవుతోంది.