సీట్లో నువ్వు చేసిన గుంత

ఏమయ్యా,

నువ్వు పోయి ఏడాదయ్యాక నీ పాత పికప్ బండి సీటు కుట్టించాను. చిరిగిందని ఎంత మొత్తుకున్నా, తాండూరు బండలు దింపి వచ్చిన ప్రతిసారీ "మల్ల చూద్దాం" అన్నావు కదా!

మా నాయన నేసిన గొంగడి ఇచ్చి, చిరిగిన గుడ్డ తీసి ఇది వేయమని వికారాబాద్ దర్జీకి చెప్పాను. సాయంత్రం వెళ్లి చూస్తే, నువ్వు కూర్చునే చోటి గుంతను కొత్త పీచుతో నింపేశాడు. ఒళ్లు మండిపోయింది.

"గుంత ఎవలు నింపమన్నరు?"

"గట్లుంటే నడుం నొస్తదమ్మా."

"ఇన్నేండ్లు కూసున్నోనికి నొయ్యలే. పాత పీచు మల్ల పెట్టు!"

నువ్వు నలిపిన ఆ పీచుతోనే పొయ్యి రాజేశాడట. నా కోపం చల్లారాలని, ఆ పొయ్యి మీద కాగిన ఛాయే నాకు పోసిచ్చాడు.