ముత్తప్ప పురుగుకు లైసెన్సు

రాయకోట

లాయరమ్మ రేణుకు మేనమామ ముత్తప్ప దీవించి రాసేది.

నేను, మీ అత్త మునిలక్ష్మమ్మ, ఆరు మేకలు బాగుండాము. ఫోన్లో చెప్పింది కోర్టులో చెల్లదని ఉత్తరం రాస్తా ఉండాను.

బెంగళూరు నర్సరీ నుంచి జామమొక్కలు తెచ్చినాను కదా, ఒక మొక్కలో ఆకు నడిచింది. గాలి అనుకొన్నాను. ఆ ఆకుకు ఆరు కాళ్లుండాయి! ఈనెలు, అంచున ఎండిన మచ్చ, అంతా అచ్చం ఆకే. పచ్చమ్మ అని పేరు పెట్టి, కోళ్లగంపకు దోమతెర కట్టి అందులో పెట్టినాను. ఇట్లాంటిది మన తట్టు యాడా లేదు, ఫారిన్ పురుగని ఊరంతా చెప్పినాను.

పక్కింటి సుబ్బరాయప్పకు కడుపుమంట. "ఫారిన్‌ది లైసెన్సు లేకుండా పెంచితే ఏడేండ్లు జైలప్పా" అంటా ఉండాడు. నాకు లైసెన్సు తీసియ్యి. పెద్దక్షరాలు ఉండాల, గోడకు తగిలించాల.

ఇట్లు,
ముత్తప్ప

తా.క.: ఫోటో పెట్టినాను. ఆకులు చూసి మోసపోవద్దు. ఎడమ పక్క రెండోది పచ్చమ్మ.

---

కృష్ణగిరి

మామకు రేణు నమస్కారాలు.

నేను లాయరునై ఎనిమిది నెలలైంది. నా మొదటి కేసు మా మామదేనని మా సీనియర్‌కు గర్వంగా చెప్పాను. పురుగు సంగతి వినగానే ఆయనకు టీ పొలమారింది.

సుబ్బరాయప్ప మాట పూర్తిగా అబద్ధం కాదు. విదేశీ పురుగుల్ని తెప్పించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కొన్ని జాతుల్ని ఇంట్లో ఉంచుకుంటే నమోదు చేయించాలి, పిల్లలు పుడితే అదీ తెలపాలి. మన దేశంలో రక్షణ ఉన్న జాతి అయితే అసలు పట్టుకోనే కూడదు. అందుకే అది ఏ షెడ్యూల్లో ఉందో ముందు తేలాలి. కాగితాలేమైనా ఉంటే పంపు. అంతవరకూ అది క్వారంటైన్‌లో ఉన్నట్టే అనుకో. బయట వదలకు, ఎవరికీ ఇవ్వకు.

నీ మేనకోడలు,
రేణు

తా.క.: ఎడమ పక్క రెండోది ఆకే మామా. మూడోది చూడు, దానికి కళ్లున్నాయి.

---

రాయకోట

రేణమ్మకు మామ ఆశీర్వాదాలు.

షెడ్యూలు అడిగినావు. పొద్దున ఆరింటికి జామాకు. పది నుంచి నాలుగు దాకా ఆఫీసులో కూర్చున్నట్టు కదలదు. గాలి వస్తే ఆకులతో పాటు ఊగుతాది. గాలి నిలిచినాక ఇంకొంచెం ఊగుతాది, పాపం దానికి తెలీదు. సాయంత్రం మళ్లీ జామాకు.

కాగితాలు లేవు. ఆధార్ తీపిద్దామంటే ఆరు కాళ్లుండాయి గానీ ఒక్క వేలూ లేదు.

క్వారంటైన్ అన్నావని కరోనా నాటి మాస్కులు ఎతికి తీసినాను. చూసేదానికి వచ్చినోళ్లు మాస్కు కట్టుకొని ఆరడుగుల దూరంలో నిలబడాల. అంత దూరానికి పచ్చమ్మ కనపడదు. గంపలో ఉత్త ఆకులే అని సుబ్బరాయప్ప పుకారు లేపినాడు.

ఇట్లు,
క్వారంటైన్ చూసుకొనే ముత్తప్ప

తా.క.: పిల్లల సంగతి తెలపమన్నావు. ఈ వారంలో నలభై మూడు గుడ్లు పెట్టింది. మగపురుగు లేనే లేదు! మర్యాద కాపాడాల, తండ్రి పేరు దగ్గర నా పేరు రాయి. మీ అత్తకు చెప్పొద్దు.

---

కృష్ణగిరి

మామకు,

షెడ్యూల్ అంటే చట్టంలో ఉండే జాతుల పట్టీ, దినచర్య కాదు! మాస్కులు తీసేయించు. ఇలాంటి ఆకుపురుగులు మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయట. తండ్రి పేరు అక్కర్లేదు.

ఇది ఏ జాతో తేల్చమని నీ పేరుతో అటవీ ఆఫీసుకు దరఖాస్తు పెట్టాను. కేసు అవుతుందేమోనని పద్నాలుగు పేజీల వాదన రాసి ఉంచాను.

నీ లాయరు,
రేణు

తా.క.: పొరపాటున నీ ఉత్తరం కూడా దరఖాస్తుతో పాటు వెళ్లిపోయింది.

---

రాయకోట

అమ్మా రేణూ,

అయిపోయింది. అటవీ ఆఫీసు నుంచి తమిళంలో కాగితం వచ్చింది, నాకు తమిళం చదివేదానికి రాదు. బుధవారం పదకొండు గంటలకు పురుగుతో సహా హాజరు కావాలంట. సుబ్బరాయప్పే చదివి వినిపించినాడు, రెండుసార్లు.

రెండు పంచెలు, దుప్పటి, నిమ్మకాయ ఊరగాయ సంచిలో పెట్టుకొన్నాను. "పురుగును ఇడిచిపెట్టి తప్పించుకోప్పా" అంటా ఉంది మీ అత్త. నేను ఇడవను. నన్ను నమ్మి నా గంపలో గుడ్లు పెట్టింది.

మీ మామ,
ముత్తప్ప

తా.క.: జైల్లో జామచెట్టు ఉందేమో కనుక్కో.

---

కృష్ణగిరి

మామా, కంగారు పడకు. నేను వచ్చేదాకా నోరు తెరవకు.

రేణు

తా.క.: కనుక్కున్నాను. వేపచెట్టు మాత్రమే ఉందట.

---

రాయకోట

లాయరమ్మ రేణుకు,

నువ్వు కోర్టులో ఇరుక్కొని రాలేకపోతివి. జరిగింది చెప్తాను.

లోపల నలభై మంది యూనిఫారాల్లో కూర్చోనుండారు. పెద్దాఫీసరు కలైసెల్వమ్మ నన్ను ముందర కుర్చీలో కూర్చోబెట్టి, మైకు చేతికిచ్చి, "మాట్లాడండి" అనింది. "మా లాయరు రావాల" అన్నాను. అందరూ నవ్వినారు.

పచ్చమ్మ ఫారిన్ కాదంట రేణమ్మా. మన దక్షిణాది కొండలదేనంట. ఏ పట్టీలోనూ లేదంట, లైసెన్సు అక్కర్లేదంట. ఊర్లో ఏం మొగం చూపించేది?

అప్పుడు ఆమె చెప్పింది: "వీళ్లంతా కొత్తగా చేరిన అటవీ గార్డులు. గాలి నిలిచినాక పురుగు ఇంకొంచెం ఊగుతాదని మీరు రాసింది చదివినాము. అట్లా చూసేది వీళ్లకు నేర్పించండి."

గంప తెరిచి "యాడుందో చూపండి" అన్నాను. ఒక్కరికీ కనపడలా! గంట సేపు చెప్పినాను.

యాభై ఏండ్లు మేకలు కాసినాను. అడవిలో గార్డు వస్తా ఉండాడంటే పొద ఎనక నక్కినోడిని. ఆ దినం నలభై మంది గార్డులు నోటు పుస్తకాలు తెరిచి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకొన్నారు. మధ్యలో నీళ్లు కూడా వాళ్లే తెచ్చిచ్చినారు.

ఇప్పుడు ఊరంతా తిరిగి చెప్తా ఉండాను: ఫారిన్ కాదు, మనదే!

ఇట్లు,
ముత్తప్ప

తా.క.: ఆడ అందరూ నన్ను 'సార్' అన్నారు. మీ అత్త నమ్మలేదు. ఈసారి కవరు మీద 'ముత్తప్ప సార్' అని పెద్దగా రాయి. సుబ్బరాయప్ప వాకిట్లో నిలబడి గట్టిగా చదువుతానని పోస్టుమ్యాన్ మాటిచ్చినాడు.