గేటు దగ్గర నేనే ఉంటాను

ఏమండీ,

సాయంత్రం ఆరులోపు వచ్చి పాపను తీసుకెళ్ళండి. ఐడీ కార్డు మర్చిపోకండి. బడి వదిలాక పిల్లల్ని ఉంచే మా సెంటర్లో మళ్ళీ కొత్త రూలు పెట్టారు. డ్యూటీలో ఉన్నవాళ్ళు సొంత పిల్లల్ని తమకు తామే అప్పగించుకోకూడదట. గేటు డ్యూటీ నాదే, అయినా పాప నాతో బయటికి రాకూడదు. మీరు రాకపోతే తల్లికి ఫోన్ చేయాలట. అంటే నాకు నేనే చేసుకోవాలా? ఇన్‌ఛార్జి మేడమ్‌ని అడిగితే, "ముందు చేసి చూడమ్మా, ఎంగేజ్ వస్తే అప్పుడు ఆలోచిద్దాం" అంది. నాకైతే బుర్ర పనిచేయడం లేదు.

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి.

కార్డు చూశాక, "పాపకు మీరేమవుతారు?" అని అడుగుతాను. మొన్నటిలా "పక్కింటివాణ్ణి" అని వేళాకోళం చేయకండి. మేడమ్ నిజమనుకుని అరగంట కూర్చోబెట్టింది. రాత్రి నుంచి నాతో మాటలు మానేశారు కదా, అక్కడ తల ఊపితే కుదరదు. నోరు విప్పి చెప్పాలి.

ఇంకోటి. నాకేమవుతారో అడగాలని రూల్లో లేదు. అయినా అడుగుతాను.