కుడి భుజం మీది ముడి

కోదాడ

అమ్మ పాదాలకు మొక్కి సాయిలు రాసేది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నాయనమ్మ అన్నం తింటున్నదా? చెల్లీ, ఇది అమ్మకు చదివి వినిపించేటప్పుడు తలుపు వేసుకో.

నా గురించి బెంగ పెట్టుకోకు అమ్మా, రెండు పూటలా తింటున్నాను. ఇక్కడి మజ్జిగ మాత్రం ఉత్త నీళ్లే. చివ్వెంల వదిలి వచ్చి నాటకాల తెరలు వేసే మేస్త్రి దగ్గర కుదిరాను కదా, ఇన్నాళ్లు రంగులు నూరించి ఇప్పుడు కుంచె ఇచ్చాడు. రోజూ దండెం మీద ఏదో బట్ట వేసి, చూసి బొమ్మ వేయమంటాడు. నేను ఎంత చక్కగా వేసినా ఆయన కంటికి ఆనదు.

"గుడ్డ వేశావు గానీ అబ్బాయ్, దాన్ని కప్పుకున్న మనిషి ఏడి?" అని చీదరించుకుంటాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ కోపంలోనే అన్న గొంగడి వేశాను. పోలీసులు వస్తున్నారని వానలో కప్పుకుని చేలకు అడ్డంపడి పోయి మళ్లీ రాలేదే, అదే. మొహం వేయలేకపోయాను. తడిసి బరువెక్కిన ఉన్ని, కుడి భుజం మీద దాని ముడి, కింద కుంగిన భుజాలు, అంతే. మేస్త్రి చాలాసేపు చూసి, "ఇదిగో, వచ్చాడు మనిషి" అన్నాడు. ఏడుపు ఆగలేదమ్మా.

అసలు సంగతి ఇది. నిన్న మిర్యాలగూడ నుంచి తెర కోసం వచ్చిన ఒకాయన ఆ బొమ్మ ముందు ఆగిపోయాడు.

"గీ ముడి నేను సూసిన. మా బియ్యం మిల్లుకాడ మూటలు మోసెటోడు ఒకడున్నడు. అందరు గొంగడి ఎడమ బుజానికి ముడేస్తరు, వాడొక్కడే గిట్ల కుడి దిక్కు ఏస్తడు. పేరడిగితే చెప్పడు."

"మొహం ఎట్లుంటది?" అని అడిగాను.

"అంత గడ్డమే. ఏమని చెప్పాలె?"

అప్పుడే బయలుదేరేవాణ్ణి. కానీ నాకు భయంగా ఉంది. ఆ ముడి నేను మొదట ఎడమవైపే వేశాను. ముడతలన్నీ ఒకే పక్కకు ఒరిగి బొమ్మ కుదరక, చెరిపి కుడివైపుకు మార్చాను. అన్న ముడి అలాగే ఉండేదని గుర్తొచ్చి మార్చానో, బొమ్మ అందం కోసం మార్చానో నాకే తెలియడం లేదు. ఆ రోజు నేను దూరం నుంచి, వానలో చూశాను. గుమ్మంలో అన్నకు ఎదురుగా నిలబడి గొంగడి సర్దింది నువ్వు.

దారి పొడుగునా సోదాలు. ఉత్త అనుమానంతో వెళ్లి అడిగితే పోలీసుల కళ్లు ఆ మనిషి మీద పడతాయి. ఎవరి బిడ్డో పాపం.

ఈ ఉత్తరం తెచ్చిన గాజులు అమ్మే ఆమె నమ్మకమైన మనిషి. అన్న ముడి ఏ భుజం మీద ఉండేదో ఆమెకు నోటితో చెప్పు, కాగితం మీద వద్దు. నా మనసు నిలపడానికి కుడి అని మాత్రం చెప్పకు. కుడి అంటే మర్నాడే మిర్యాలగూడ పోతాను. ఎడమ అంటే, బొమ్మ సరిదిద్దుతాను.

నాయనమ్మకు దండాలు. నన్ను దీవించు. అన్నను నాకంటే ముందు దీవించు.

నీ చిన్న కొడుకు
సాయిలు